ఊపిరితిత్తి ఆపరేషన్‌కు ముందు మూడు వారాలు: సత్తువ కొలిచేదెలా, కూడగట్టేదెలా

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 71 ఏళ్లు, ఎత్తు 162 సెంటీమీటర్లు. కుడి ఊపిరితిత్తి పైలోబులో, అంటే పై భాగంలో, 3 సెంటీమీటర్ల గడ్డ. బయాప్సీలో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ అని తేలింది, ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కానులో ఇంకెక్కడికీ పాకలేదు. ఐదు నెలల్లో బరువు 56 నుంచి 50 కిలోలకు దిగింది. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బయటికి ఊదగలిగే గాలి) 1.5 లీటర్లు, అంటే ఉండాల్సిన దాంట్లో 68 శాతం. సర్జన్‌గారు "ఊపిరితిత్తులు పర్వాలేదు, మనిషే ఫ్రెయిల్‌గా ఉన్నారు, మూడు వారాలు బలం పట్టించి తీసుకురండి" అన్నారు. ఫ్రెయిల్ అంటే ఒంట్లో సత్తువ నిల్వ లేక చిన్న దెబ్బకే కుదేలయ్యే స్థితి. ఇంట్లోవాళ్లు ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు. ఈలోపు గడ్డ పెరగదా, ఆ "బలం" ఎలా పట్టించాలి అన్నది మీ సందేహం.

ముందు మంచం సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లను పది రోజులు మంచంమీదే ఉంచి కొలిచి చూస్తే కాళ్ల కండ దాదాపు ఒక కిలో తరిగిపోయింది. ఇప్పటికే ఆరు కిలోలు పోగొట్టుకున్న మనిషి దగ్గర అంత నిల్వ ఎక్కడిది? నాన్నగారిని ఈ రోజే లేపండి. జ్వరం, రక్తం పడటం, గుండెనొప్పి లాంటివి లేకపోతే ఆయన మంచంమీద ఉండాల్సిన పనేమీ లేదు.

గడ్డ గురించి: ఈ రకం గడ్డలు రెట్టింపు కావడానికి సాధారణంగా నెలలు పడుతుంది. మూడు వారాల్లో స్టేజి మారిపోవడం అరుదు. అసలు భయపడాల్సింది మూడు వారాలు కాస్తా మూడు నెలలవడం గురించి. పండగ వస్తుంది, ఆషాఢం అంటారు, ఆరోగ్యశ్రీ కాగితాలు ఆలస్యమవుతాయి, స్కాను పాతబడిందని మళ్లీ తీయమంటారు. అందుకే మళ్లీ చూపించే తేదీ, వీలైతే ఆపరేషన్ తేదీ కూడా ఇప్పుడే రాయించుకోండి. కాగితాల పని ఈ మూడు వారాల్లోనే నడవాలి.

ఊపిరితిత్తుల పరీక్ష బాగుండి మనిషి బలహీనంగా ఉండటం ఏమిటని చాలామంది అడుగుతారు. ఛాతీ ఆపరేషన్‌లో ఒక ఊపిరితిత్తిని ఆపేసి రెండోదానితోనే గంటల తరబడి నడిపిస్తారు. తర్వాత పక్కటెముకల మధ్య కోత, ట్యూబు, నొప్పి. నొప్పికి మనిషి పైపైన ఊపిరి తీస్తాడు, గట్టిగా దగ్గడు. కఫం కింద పేరుకుంటుంది, రెండు మూడు రోజులకు న్యుమోనియా దిగుతుంది. కండ ఉన్న మనిషి లేచి కూర్చుని, నాలుగడుగులు వేసి, దగ్గి, దాన్ని దాటేస్తాడు. నిల్వ లేని మనిషి అక్కడే ఐసీయూకి వెళ్తాడు, వెంటిలేటర్ మీద ఇంకా కండ పోగొట్టుకుంటాడు. స్పైరోమెట్రీ చెప్పేది గొట్టంలోంచి గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో. ఆ మనిషి మూడో రోజున మంచం అంచున కూర్చుని దగ్గగలడా లేదా అన్నది అందులో కనపడదు.

కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, చేతుల్లేని కుర్చీ, వేలికి పెట్టే ఆక్సీమీటరు చాలు.

నడక: నాలుగు మీటర్ల ఎడంతో రెండు గీతలు చాక్‌పీసుతో గీయండి. మొదటి గీతకు ఒక మీటరు ముందు నుంచే నడవడం మొదలుపెట్టాలి, రెండో గీత దాటాక ఇంకో మీటరు నడిచి ఆగాలి. గీత దగ్గర నిలబెట్టి "పద" అంటే మొదటి అడుగు ఆలస్యం కూడా లెక్కలో కలుస్తుంది. రోజూ నడిచే నడకే నడవమనాలి. హవాయి చెప్పులు విప్పించండి, పంచె ఉంటే పైకి కట్టించండి. నాలుగు మీటర్లకు ఐదు సెకన్లు దాటిందంటే వేగం సెకనుకు 0.8 మీటర్ల లోపు పడిపోయిందని అర్థం, తేడా స్పష్టంగా ఉన్నట్టే. మన ఆసియావాళ్ల కోసం 2019లో వేసిన కండక్షీణత ప్రమాణాల్లో గీత ఇంకాస్త పైన, 1.0 దగ్గర ఉంది.

కుర్చీ: సుమారు 43–45 సెంటీమీటర్ల ఎత్తున్నది, గోడకు ఆనించి పెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, జాగ్రత్త. చేతులు ఛాతీమీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టు. ఒక్కసారి కూడా చేతులు ఆనించకుండా లేవలేకపోతే సెకన్లు లెక్కపెట్టే పనే లేదు. ఇంట్లో చేసేటప్పుడు పక్కన మనిషి ఉండి తీరాలి.

పిడికిలి: పట్టు బలాన్ని కొలిచే గ్రిప్ డైనమోమీటరుతో, మోచేయి తొంభై డిగ్రీలు వంచి, రెండు చేతులకూ మూడేసి సార్లు. అన్నిట్లో ఎక్కువ వచ్చిందే లెక్క. మగవాళ్లలో 28 కిలోల లోపు, ఆడవాళ్లలో 18 లోపు తక్కువ. పరికరం లేకపోతే పిక్క చుట్టుకొలత తీయండి: మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లకంటే తక్కువైతే కండ తరిగిందని అనుమానం. కాళ్ల వాపుంటే ఈ కొలత మోసం చేస్తుంది.

వీటిని ఒకచోట చేర్చే పద్ధతులు రెండు బాగా వాడుకలో ఉన్నాయి. 2001లో వచ్చిన ఫ్రైడ్ పద్ధతిలో ఐదు అంశాలు: కావాలని తగ్గకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ నీరసం, పిడికిలి బలహీనత, మెల్లని నడక, పని తగ్గిపోవడం. మూడు ఉంటే ఫ్రెయిల్, ఒకటి రెండుంటే దాని అంచున ఉన్నట్టు. మీ నాన్నగారికి ఐదు నెలల్లో పోయింది సుమారు 11 శాతం బరువు, కాబట్టి మొదటిది ఖాయం. రెండోది క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్, 1 నుంచి 9 దాకా. ఇది ప్రశ్నలమీద నడుస్తుంది. 5 వచ్చిందంటే బజారు పని, డబ్బు లెక్కలు, ప్రయాణం, మందులు వేసుకోవడంలాంటి వాటికి ఇంకొకరి సాయం కావాలి. 6 అంటే స్నానానికి కూడా.

ఈ స్కేలు మన ఇళ్లలో తరచూ తప్పుతుంది. "మీ నాన్నగారు వంట, బజారు చేసుకుంటారా?" అంటే "అబ్బే, కోడలే చేస్తుంది" అంటారు. దాంతో 5 పడిపోతుంది. కోడలు చేస్తోంది కాబట్టి ఆయన చేయలేరని కాదు. అడగాల్సింది ఇలా: ఇంట్లో ఎవరూ లేని రోజు అన్నం వడ్డించుకుని, మందులు వేసుకుని, గ్యాసు కట్టేసి పడుకోగలరా? ఒంటరిగా బస్సెక్కి పక్కూరు పోయి రాగలరా? పింఛను తెచ్చుకుని లెక్కపెట్టుకోగలరా? ఇంకో మాట, జవాబు ఈ రోజు పరిస్థితికి కాకూడదు. జబ్బు ముదరకముందు, అంటే రెండు వారాల కిందట ఎలా ఉండేవారో అదే రాయాలి.

పాత బరువు తెలియని మనుషుల దగ్గర బట్టలే సాక్ష్యం. బెల్టుకు కొత్త బెజ్జం పెట్టించారా, ఉంగరానికి దారం చుట్టారా, అమ్మగారైతే జాకెట్టు కుట్లు లోపలికి వేయించారా, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబు, "ఏమో, కొంచెం తగ్గి ఉంటారు" కంటే నూరు రెట్లు నమ్మదగ్గది.

కొలతలు మోసం చేసే సందర్భాలూ తెలిసుండాలి. మోకాళ్ల అరుగుదల ఉన్న మనిషి మెల్లగా నడుస్తాడు, అది ఫ్రెయిల్టీ కాకపోవచ్చు. అక్కడ పిడికిలి, పిక్క కొలతలు చూడాలి. ఛాతీలో నీరు చేరినవాళ్లకు నీరు తీశాక మళ్లీ కొలవాలి. రక్తం 7 గ్రాములున్న మనిషికి ఆయాసం రక్తంవల్లే కావచ్చు. ఎప్పుడూ నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం డిప్రెషన్ కావచ్చు. ఇక స్టెరాయిడ్లు: మోకాళ్లకో ఆయాసానికో ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లంలో డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో ఉండటం మామూలే. ఏళ్ల తరబడి వాడితే తొడ కండలు చచ్చుబడి కుర్చీలోంచి లేవలేరు. దానికి తోడు ఎడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది. అలాంటి మనిషికి ఆపరేషన్ రోజు స్టెరాయిడ్ ఇవ్వకపోతే బీపీ పడిపోతుంది. మందుల చీటీ లేకపోతే ఆ పొట్లాలే పట్టుకెళ్లండి. మీ అంతట మీరు మాత్రం హఠాత్తుగా ఆపకండి.

ఊపిరితిత్తుల లెక్క ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే "పర్వాలేదు" అన్న మాటలో సగమే ఉంది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 సెగ్మెంట్లు, అంటే చిన్న భాగాలు, అని లెక్కేస్తారు. కుడి పైలోబులో 3, మధ్యలోబులో 2, కింది లోబులో 5. ఎడమ పైన 5, కింద 4. కుడి పైలోబు తీస్తే మిగిలేవి 16. ఎఫ్‌ఈవీ1 68ని 16తో గుణించి 19తో భాగిస్తే 57 శాతం, ఆపరేషన్ తర్వాత మిగిలేది అదీ. రెండో పరీక్ష డీఎల్‌సీఓ, అంటే ఆక్సిజన్ రక్తంలోకి ఎంత బాగా దిగుతోందో చెప్పేది. మీరు రాసినదాంట్లో అది లేదు. పొగతాగినవాళ్లలో ఎఫ్‌ఈవీ1 బాగుండి డీఎల్‌సీఓ పడిపోవడం తరచుగా కనిపిస్తుంది. అది 55 శాతమే అనుకోండి, ఆపరేషన్ తర్వాత 46 మిగులుతుంది. రెండూ 60 పైన మిగిలితే నేరుగా వెళ్లొచ్చు. ఏదో ఒకటి 30–60 మధ్య ఉంటే మెట్ల పరీక్షో, పది మీటర్ల దూరంలో బీప్ శబ్దానికి అటూఇటూ నడిపించే షటిల్ వాక్ పరీక్షో చేయాలి. 30 లోపైతే సైకిల్ మీద ఆక్సిజన్ కొలిచే సీపెట్ పరీక్షకు పంపాలి. మెట్లలో 22 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే, షటిల్‌లో 400 మీటర్లు నడవగలిగితే ధైర్యంగా ఉండొచ్చు. అలా చేయలేనివాళ్లకు కూడా సీపెట్ అవసరమే. అందులో ఆక్సిజన్ వాడకం కిలోకు నిమిషానికి 20 మి.లీ. పైన వస్తే మంచిది, 10 లోపు వస్తే లోబు తీయడం చాలా ప్రమాదం.

22 మీటర్లను "నాలుగంతస్తులు" అని చెప్పేవాళ్లున్నారు. అంతస్తు ఎత్తు భవనాన్నిబట్టి మారుతుంది. ఒక మెట్టు ఎత్తు టేపుతో కొలవండి. 16 సెంటీమీటర్లుంటే 22 మీటర్లకు 138 మెట్లు, అంటే మామూలు అపార్ట్‌మెంట్లో ఏడంతస్తులు. ఇది ఇంట్లో చేసే పరీక్ష కాదు. ఆసుపత్రిలో, ఆక్సీమీటరు పెట్టి, ఆక్సిజన్ అందుబాటులో ఉంచుకుని చేయాలి. ఎక్కేటప్పుడు శాచ్యురేషన్ 4 పాయింట్లు పడిపోతే అదే ఒక హెచ్చరిక.

ఇప్పుడు తిండి. ఫ్రెయిల్ మనిషికి వ్యాయామం చెప్పి తిండి చెప్పకపోతే బరువు ఇంకా తగ్గుతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీను, సుమారు 30 కేలరీలు కావాలి. 50 కిలోలకు 75 గ్రాముల ప్రొటీను, 1500 కేలరీలు అనుకోండి. బరువు దిగుతూనే ఉంటే కేలరీలు ఇంకొంచెం పెంచాలి. మన వంటింట్లో ఇది ఇలా కుదురుతుంది: పొద్దున గ్లాసు పాలు, 200 మి.లీ., 6 గ్రాములు. టిఫినుకు రెండు పెసరట్లు, 60 గ్రాముల పెసలతో, 14. పదకొండింటికి పిడికెడు ఉడికించిన వేరుశనగ గుళ్లు, 7. మధ్యాహ్నం అన్నంలో 5, 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు 9, వంద గ్రాముల చేప 18, చిన్న గిన్నెడు పెరుగు 5. రాత్రి అన్నమో చపాతీయో 5, గుడ్డు 6, పడుకునేముందు పాలు 6. మొత్తం 81. చేప లేని రోజు రెండు గుడ్లు పెడితే 75. గుడ్డు కూడా తినని ఇంట్లో 30 గ్రాముల మీల్‌మేకర్ సుమారు 15 గ్రాములిస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఒక్కసారి ఎక్కువ తినలేరు, ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. తినేముందు నీళ్లు తాగించకండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు ఈ లెక్క డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టాలి.

పథ్యం పేరుతో జరిగే నష్టం ఇంతా అంతా కాదు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, పెరుగు కఫమని ఒక్కొక్కటే తీసేస్తారు. చివరికి మిగిలేది చారన్నం, రాగిజావ. 30 గ్రాముల రాగిపిండిలో ప్రొటీను రెండు గ్రాములు. కొబ్బరినీళ్లలో లేనట్టే. "బలానికి సెలైన్" సంగతీ చెప్పాలి: ఐదు శాతం గ్లూకోజు సీసా, అర లీటరు, అందులో చక్కెర 25 గ్రాములే, వంద కేలరీల లోపు. ఒకటి రెండు ఇడ్లీలతో సమానం, మామూలు ఉప్పు సెలైన్‌లో అదీ లేదు. అల్బుమిన్ తక్కువుందని వేల రూపాయల సీసాలు ఎక్కించడమూ అంతే. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే అల్బుమిన్ పడిపోతుంది, సీసాతో కండ రాదు. డబ్బాల్లో దొరికే ఆరోగ్య పానీయాలు కొనేముందు వెనక లేబుల్ చదవండి. వంద గ్రాములకు పది గ్రాముల అటూఇటూ ప్రొటీను ఉండి మిగతా అంతా చక్కెర, పిండి అయితే ఆ డబ్బుతో గుడ్లు కొనడం నయం.

ఒక ముఖ్యమైన మినహాయింపు: ఐదారు రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి, బీఎంఐ 16 లోపున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. వాళ్లకు ముందు థయమిన్ (బి1 విటమిన్), తర్వాత కిలోకు 10 కేలరీలతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. ఆసుపత్రిలో ఉంచి చేయాల్సిన పని అది. మీ నాన్నగారి బీఎంఐ 19, భోజనం చేస్తున్నారంటున్నారు కాబట్టి ఆ భయం లేదు.

వ్యాయామం మూడు భాగాలు. నడక రోజూ, మొదట పదేసి నిమిషాలు మూడుసార్లు. ఆయాసం పదికి నాలుగైదు ఉండాలి: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడగలుగుతున్నారంటే వేగం చాలదు. కాళ్ల బలానికి రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఎనిమిది నుంచి పదిసార్లు, మధ్యలో రెండు నిమిషాలు ఆగి మూడు విడతలు. పన్నెండు తేలిగ్గా వస్తుంటే చేతుల్లో లీటరు నీళ్ల సీసా పట్టుకోవాలి. గోడ పట్టుకుని మడమలు పైకెత్తడం పదిహేనుసార్లు. వ్యాయామం అయిన గంటలోపు పాలో గుడ్డో పడాలి.

మూడోది ఊపిరి కండరాల సాధన. ఊపిరి పీలిస్తే బంతులు పైకి లేచే మూడు బంతుల పరికరం చాలామంది చూసే ఉంటారు. అది ఊపిరితిత్తిని పూర్తిగా సాగదీయడానికి, కండరానికి బరువు పెట్టదు. బరువు పెట్టేది స్ప్రింగు వాల్వుండే థ్రెషోల్డ్ పరికరం. ఊపిరి పీల్చే బలాన్ని కొలిచి, అందులో 30 శాతం దగ్గర మొదలుపెట్టి, రోజుకు రెండుసార్లు 30 ఊపిరులు. వారానికి కొంత పెంచుతూ 60 శాతం దాకా. కొలిచే పరికరం లేకపోతే కష్టం పదికి ఐదారుగా అనిపించే చోట వాల్వు పెట్టండి. ఊపిరితిత్తి ఇటీవల చిట్లినవాళ్లకు, పెద్ద గాలిబుడగలున్నవాళ్లకు, కఫంలో రక్తం పడుతున్నవాళ్లకు ఇది వద్దు. క్యాన్సర్‌కు ఊపిరితిత్తి ఆపరేషన్ చేసేముందు ఇలా సాధన చేయించినవాళ్లలో తర్వాతి న్యుమోనియాలాంటి చిక్కులు తగ్గాయని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. ఫ్రెయిల్ మనుషుల్లో ప్రత్యేకంగా చూసిన ఆధారం అంత గట్టిది కాదు, అయినా ఈ పని మానడానికి కారణం కనపడదు.

షుగరున్నవాళ్లు గ్లిమిపిరైడ్ వేసుకుని నడక మొదలుపెడితే షుగరు పడిపోతుంది. మొదటి వారం నడకముందు ఒకసారి చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు బరువు కూడా తగ్గిస్తాయి. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమవుతుంది. ఆ ఆపడం డాక్టరు చెబితేనే, దాని స్థానంలో ఏం వాడాలో అడిగి.

రక్తం 13 లోపుంటే ఇనుము పరీక్షలు చేయించండి. మూడు వారాల్లో మాత్రలు పెద్దగా పెంచలేవు. ఇనుము లోపం తేలితే నరంలోకి ఇచ్చే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ మేలు. దానివల్ల ఫాస్ఫేటు తగ్గొచ్చన్నది సన్నగా ఉన్న మనుషుల్లో గుర్తుపెట్టుకోవాలి.

పొగ ఈ రోజే ఆగాలి. నాలుగు వారాలు దొరికితే మంచిది, దొరక్కపోయినా సరే. "ఇప్పుడు ఆపితే కఫం ఎక్కువై ప్రమాదం" అన్న పాతమాటకు ఆధారం లేదు. చుట్ట, బీడీ కూడా పొగే. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలను "సిగరెట్ తాగుతారా" అనడిగితే "లేదు" అనే చెబుతారు. జాతీయ పొగాకు విరమణ నంబరు 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయొచ్చు.

తాగుడు గురించి అడిగేటప్పుడు తెలంగాణలో కల్లు గురించి విడిగా అడగాలి. కల్తీ కల్లులో అల్‌ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి ఆపేస్తే రెండు మూడు రోజులకు వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ వస్తాయి. ఆపరేషన్ అయిన రెండో రాత్రి ట్యూబు పీకేసుకున్న మనిషిని చూసి "వయసు వల్ల మతి తప్పింది" అని రాసేస్తారు. చెప్పడానికి సిగ్గుపడకండి. ముందే తెలిస్తే మెల్లగా తగ్గించొచ్చు. నిద్రకు అల్‌ప్రాజోలం మాత్ర అలవాటున్నా ఇదే మాట. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్ కూడా పెద్దవాళ్లలో మతి తికమక చేస్తుంది, వాటిని మానిపించండి.

జ్ఞాపకశక్తి పరీక్ష రెండు నిమిషాల పని: మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ వేయించి, మాటలు మళ్లీ అడగడం. అయిదుకు మూడు లోపు వస్తే అనుమానం. చదువురాని మనిషికి గడియారం బొమ్మ పెడితే తప్పక తప్పుతారు, అది జబ్బు కాదు. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమనండి. లోతుగా చూడాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేసిన పరీక్షల్లో తెలుగు రూపం ఉంది. మతి ముందే బలహీనంగా ఉందని తెలిస్తే ఆపరేషన్ తర్వాత కళ్లజోడు, చెవి మిషను వెంటనే పెట్టడం, రాత్రిళ్లు తెలిసిన మనిషి పక్కనుండటం, నిద్ర మందులు ఇవ్వకపోవడంవంటివి ముందే రాసిపెట్టుకోవచ్చు. పళ్లు కూడా చూపించండి. ఊగే పన్ను మత్తు ట్యూబు పెట్టేటప్పుడు ఊడి గొంతులో పడుతుంది. ఇప్పటినుంచే రోజుకు రెండుసార్లు బ్రష్ చేయించండి, నోట్లో మురికే తర్వాత ఊపిరితిత్తిలోకి దిగుతుంది.

మీరు రాయని విషయం ఒకటుంది: నాన్నగారికి జబ్బేమిటో చెప్పారా? "గడ్డ అని చెప్పలేదు, కొంచెం కఫం అన్నాం" అనే ఇళ్లే ఎక్కువ. కఫానికి రోజు విడిచి రోజు ముప్పైసార్లు కుర్చీలోంచి ఎవరు లేస్తారు? ఆయన చేయాల్సిన పని ఆయన చేయాలంటే ఎందుకో తెలియాలి. పైగా ఏ ఆపరేషన్ ఒప్పుకోవాలన్నది కూడా ఆయన నిర్ణయమే. ఊపిరాడక మంచాన ఉండే బతుకు ఆయనకు ఇష్టమో కాదో సర్జన్‌కు తెలియదు, మీకూ తెలియకపోవచ్చు.

మూడు వారాల తర్వాత అవే పరీక్షలు, అదే వరండాలో, వీలైతే అదే మనిషి చేయాలి. నడక వేగం 0.1 మీటరు పెరిగినా, ఆరు నిమిషాల నడకలో 30 మీటర్లు పెరిగినా నిజమైన మార్పే. బరువు పెరగకపోయినా దిగడం ఆగితే మంచి గుర్తు. పిడికిలి మూడు వారాల్లో పెద్దగా కదలదు, దాన్ని చూసి నిరుత్సాహపడొద్దు. అన్నీ అలాగే ఉంటే ఇంకో మూడు వారాలు పొడిగించడం నాకు నచ్చదు. ఆపరేషన్‌నే తగ్గించుకోవచ్చా అని అడగాలి. గడ్డ 2 సెంటీమీటర్లలోపు ఉండి, ఊపిరితిత్తి అంచున ఉంటే లోబు మొత్తం తీయకుండా సెగ్మెంటో, అంతకంటే చిన్న ముక్కో తీసినా ఫలితం తీసిపోదని 2022, 2023లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. మీ నాన్నగారిది 3 కాబట్టి అది అచ్చంగా వర్తించదు. లింఫు గ్రంథులకు పాకని, 5 సెంటీమీటర్లలోపు గడ్డలకు ఎస్‌బీఆర్‌టీ అనే గురిపెట్టిన రేడియేషన్ ఉంది, కొద్ది సిట్టింగుల్లో అయిపోతుంది. ఆపరేషనే అయితే కెమెరాతో చేయగలరా, నొప్పికి వెన్ను పక్కన బ్లాక్ (తిమ్మిరి ఇంజెక్షన్) ఇస్తారా, మొదటి రోజే నడిపిస్తారా అని అడగండి.

చీము నిండిన ఛాతీతో, టీబీతో వచ్చే ముప్పై నలభై ఏళ్లవాళ్లకు ఈ లెక్కలు అలాగే పెట్టకూడదు. వాళ్ల నీరసం చాలావరకు ఇన్ఫెక్షన్‌ది. ట్యూబు వేసి చీము తీసి, మందులు పనిచేసి, తిండి పడితే మనిషి మారిపోతాడు. ఫ్రెయిల్టీ స్కేలు కూడా 65 దాటినవాళ్ల కోసం తయారైంది.

మళ్లీ వెళ్లే రోజు ఒక కాగితం పట్టుకెళ్లండి: వారంవారం బరువు, నాలుగు మీటర్ల సెకన్లు, కుర్చీ సెకన్లు, ఎన్ని రోజులు నడిచారు, వాడే ప్రతి మాత్రా. డీఎల్‌సీఓ చేయించలేదని గుర్తుచేయండి. ఆపరేషన్ ముందురోజు రాత్రి ఎనిమిదినుంచి పస్తు పెట్టకుండా, వరుసలో ఆయనది ఎన్నో కేసో కనుక్కోండి. తేలికపాటి తిండి ఆరు గంటల ముందువరకు, మంచినీళ్లు రెండు గంటల ముందువరకు ఇవ్వొచ్చు, మత్తు డాక్టరు వద్దంటే తప్ప.